ఒకే ఒరలో తొమ్మిది కత్తులు

గ్రూపులో పేరు తెచ్చుకున్న ర్యాపర్ సొంతంగా ఒక ఆల్బమ్ వేస్తే, ఆ కీర్తి ఎవరి ఖాతాలో రాయాలి? హిప్‌హాప్ వినేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగవు ఇది. తగవు పడటానికి 1995 నవంబర్ 7న అమెరికాలో విడుదలైన ‘లిక్విడ్ సోర్డ్స్’ కంటే మంచి కేసు నాకు కనబడలేదు. వేసినవాడు జిజా, అసలు పేరు గ్యారీ గ్రైస్. న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్ కేంద్రంగా లేచిన వూ-టాంగ్ క్లాన్ అనే తొమ్మిది మంది బృందంలో వయసుకి అందరికంటే పెద్ద. ఆ బృందానికి సంగీతం కట్టి, వ్యాపారం నడిపిన రిజా ఆయనకి వరసకి తమ్ముడు. మూడో బంధువు ఓల్ డర్టీ బాస్టర్డ్.

ఇక్కడ వాదించుకునేది కూడా అక్కాతమ్ముళ్లే. అక్క హైదరాబాద్‌లో సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తుంది. తమ్ముడు సినిమాలకీ, బయటి ఆల్బమ్‌లకీ పాటలు రాస్తాడు. ఎవరి వృత్తి వాళ్ల వాదనలోకి దూరిపోయింది. అది మనసులో పెట్టుకుని చదవండి. మధ్యలో బ్రాకెట్లలో నోరు పెట్టింది నేను.

తమ్ముడు: ఇందులో వాదించడానికేముంది? అట్ట మీద ఎవరి పేరుందో చూడు. కామిక్స్ గీసే డెనిస్ కవన్ చేత బొమ్మ వేయించుకున్నాడు. చదరంగం బల్లే యుద్ధభూమి, దాని మీద కత్తులు దూసిన మనుషులు. ఆ బొమ్మ చూస్తేనే తెలుస్తుంది, లోపల ఏ మనిషి బుర్ర పనిచేసిందో.

అక్క: అట్ట వదిలెయ్‌రా, లోపలికి రా. సంగీతం దాదాపు మొత్తం రిజాది. రికార్డింగ్ రిజా ఇంటి బేస్‌మెంట్‌లో. గ్రూపులో తొమ్మిది మందీ ఎక్కడో ఒకచోట పలుకుతారు. ఒక పాట పేరులో స్టాటెన్ ఐలాండ్ పిన్‌కోడ్ కూడా దిగిపోయింది, 10304 అని. ఇంటిల్లిపాదీ కలిసి వండి, విస్తట్లో ఒక్కడి పేరు రాస్తే ఆ వంట ఆయనదైపోతుందా?

తమ్ముడు: గ్రూపులోని రేక్వాన్ ఆల్బమ్ కూడా అదే ఏడాది, అదే బేస్‌మెంట్‌లోంచే వచ్చింది. ఆగస్టు 1న. ‘ఓన్లీ బిల్ట్ 4 క్యూబన్ లింక్స్’. అందులోనూ సంగీతం రిజాదే, చుట్టూ వీళ్లే. మరి రెండూ పక్కపక్కన పెట్టి విను. ఒకటి దొంగసొమ్ము మీద తీసిన నేరాల సినిమాలా కళకళలాడుతుంది. రెండోది చలికాలం రాత్రి ఒంటరిగా నడుస్తున్నట్టుంటుంది. కట్టిన చెయ్యి ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? మనిషిని బట్టి వచ్చింది.

అక్క: మనిషిని బట్టి కట్టగలిగిన చేతిని బట్టి వచ్చింది. 1994లో గ్రూపులోని మెథడ్ మ్యాన్‌కి ‘టికల్’ మసకమసకగా, బురదలో తొక్కినట్టు కట్టాడు. 1995 మార్చిలో డర్టీకి పిచ్చి ముదిరినట్టు కట్టాడు. రేక్వాన్‌కి ఇంకోలా, జిజాకి మరోలా. ఎవరి గొంతుకి ఏ గది కావాలో తెలిసినవాడు ఒకడే. అలాంటివాణ్ణి నా భాషలో ప్రొడ్యూసర్ అంటారు. రేక్వాన్ నయం, అట్ట మీదే గ్రూపులో సాటివాడు గోస్ట్‌ఫేస్ పేరు అతిథి నటుడిలా అచ్చు వేశాడు. జిజా అట్ట మీద రిజా పేరు పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

తమ్ముడు: మన దగ్గర అలవాటైపోయిన మాటే ఇది. పాట అనగానే మొదట సంగీత దర్శకుడి పేరు, ఆ తరవాత పాడినవాళ్ల పేరు. రాసినవాడి పేరు గుర్తొస్తే గుర్తొచ్చినట్టు.

(ఇది జిజా గురించి కాదు. అక్కకీ తెలుసు. వదిలేసింది.)

అక్క: సరే, రాతకే వద్దాం. 1995 నాటికి జిజా కొత్తవాడు కాడు కదా. 1991లోనే ‘వర్డ్స్ ఫ్రమ్ ది జీనియస్’ అని సోలో ఆల్బమ్ వేశాడు. కోల్డ్ చిల్లిన్ కంపెనీ. బిగ్ డాడీ కేన్, బిజ్ మార్కీ, కూల్ జీ ర్యాప్ ఉన్న కంపెనీ, ఆ రోజుల్లో చిన్నదేం కాదు. సంగీతం ఎక్కువ భాగం ఈజీ మో బీ. తర్వాత నొటోరియస్ బీఐజీ మొదటి ఆల్బమ్‌లో చెయ్యి చేసుకున్నది ఆయనే, కాబట్టి ఆయన్నీ తీసిపారెయ్యలేవు. అదే కలం, పెద్ద కంపెనీ, మంచి సంగీతం. ఆల్బమ్ ఎవరికీ పట్టలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి అదే మనిషి బిల్‌బోర్డ్ పట్టికలో తొమ్మిదో స్థానంలో ఉన్నాడు. మధ్యలో వచ్చింది ఏమిటి? గ్రూపు. 1993 నవంబర్‌లో ‘ఎంటర్ ది వూ-టాంగ్’. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ల్యాబులో కూడా దొరకదురా. అన్నీ అవే ఉంచి ఒక్కటి మార్చాం, ఫలితం మారింది.

తమ్ముడు: అన్నీ అవే ఉంచలేదు. ఆ 1991 ఆల్బమ్‌లోంచి జనం ముందుకు తోసిన పాటల్లో ఒకటి శృంగార గీతం. జిజా ప్రేమపాట పాడటం అంటే, లెక్కల మాస్టారి చేత పెళ్లి బ్యాండులో డాన్సు కట్టించడమే. కంపెనీకి ఏం కావాలో కంపెనీ తీసుకుంది, మనిషి ఏం చెయ్యగలడో అడగలేదు. ‘వెటరన్’ అని ఊరికే అంటామా? వయసు చూసి కాదు, అప్పటికి ఆయనకి 29 ఏళ్లే. ఒకసారి అమ్ముడుపోయి, దెబ్బతిని, ఆ దెబ్బని కాగితం మీద పెట్టినవాడు వెటరన్. గ్రూపు మొదటి పాట ‘ప్రొటెక్ట్ యా నెక్’ తీసుకో. ఎనిమిది మంది వరసగా వచ్చి అరుస్తారు. చివరికి వచ్చేది జిజా. మిగతా అందరూ తమ ప్రతాపం చెప్పుకుంటే ఈయన రికార్డు కంపెనీల మీద పడతాడు. పాత కంపెనీని పేరు పెట్టి మరీ ఉతుకుతాడు. ఆ ఎనిమిది మందిలో చెప్పుకోదగ్గ గతం ఉన్న గొంతు ఆయనదే.

అక్క: రిజాకి మాత్రం గతం లేదా? ప్రిన్స్ రకీమ్ అన్న పేరుతో 1991లో టామీ బాయ్ కంపెనీలో రికార్డు వేశాడు. దాని మీదా అమ్మాయిల పాటే. వాళ్లూ సాగనంపారు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఏడాది ఒకే రకం గోడకి తల కొట్టుకున్నారు. తేడా ఏమిటంటే, జిజా ఆ దెబ్బ గురించి చరణం రాశాడు. రిజా ఆ దెబ్బ ఇంకోసారి తగలకుండా కాంట్రాక్టు రాయించాడు.

తమ్ముడు: అది ఒప్పుకుంటాను.

అక్క: ఒప్పుకుంటే సరిపోదు, ఆ కాంట్రాక్టులోనే నా వాదనంతా ఉంది. లౌడ్ రికార్డ్స్‌తో గ్రూపు ఒప్పందం చేసుకున్నప్పుడు రిజా పట్టుబట్టింది ఒక్కదాని మీద. గ్రూపుగా మేం మీవాళ్లం, విడివిడిగా మాత్రం ఎవరికి నచ్చిన కంపెనీకి వాళ్లు పోతారు. అప్పట్లో ఏ కంపెనీ అయినా గ్రూపుని తీసుకుంటే అందులో మనుషుల్ని కూడా కట్టేసుకునేది. ఇక్కడ మెథడ్ మ్యాన్ డెఫ్ జామ్‌కి పోయాడు, డర్టీ ఎలెక్ట్రాకి, జిజా గెఫెన్‌కి, తర్వాత 1996లో ‘ఐరన్‌మ్యాన్’తో గోస్ట్‌ఫేస్ ఎపిక్‌కి. రేక్వాన్ లౌడ్‌లోనే ఉండిపోయాడు. ఎంతమంది బయటికి పోతే అన్ని కంపెనీలు తమ డబ్బుతో వూ-టాంగ్ గుర్తుని ఊరంతా అంటించాయి. ‘ఐదేళ్లు నాకు వదిలెయ్యండి, ఎదురు అడక్కండి’ అని రిజా అందరి దగ్గరా మాట తీసుకున్న సంగతి ఆయనే తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. అంటే ఏమిటి? ఆ ఐదేళ్లలో వచ్చిన ఏ సోలో ఆల్బమూ సోలో కాదు. సోలో అనేది ఆ గ్రూపు పెట్టుకున్న బ్రాంచి ఆఫీసు.

(ఇక్కడ అక్క బలంగా ఉంది. 1997 జూన్‌లో ‘వూ-టాంగ్ ఫరెవర్’ రెండు డిస్కులతో వచ్చి నేరుగా బిల్‌బోర్డ్ మొదటి స్థానంలో కూర్చుంది. మూడున్నరేళ్ల పాటు గ్రూపు పేరుతో ఆల్బమే లేదు. అయినా జనం మరిచిపోలేదంటే మధ్యలో ఈ సోలోలే కారణం. కానీ బ్రాంచి ఆఫీసులో పనిచేసినంత మాత్రాన మేనేజరు సొంత మనిషి కాకుండా పోడు.)

తమ్ముడు: బ్రాంచి అన్నావు కదా, ‘లేబుల్స్’ పాట ఏ బ్రాంచిలో వేస్తావు? నిర్వాణానీ, గన్స్ ఎన్ రోజెస్‌నీ అమ్మిన గెఫెన్ కంపెనీ డబ్బుతో, రికార్డు కంపెనీల మీదే పాట. అదీ ఎలా? ఒక్కో పాదంలో ఒక్కో కంపెనీ పేరు, మామూలు మాటల్లా కలిసిపోయి ఉంటుంది. వినేవాడికి మొదట ఒక బెదిరింపు కథ వినిపిస్తుంది. రెండోసారి వింటే పేర్లు బయటపడతాయి. మన అవధానంలో పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు పదాలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమన్నట్టు. దత్తపది. ఆ పదాలు కనపడకుండా కలపడంలోనే అవధాని గొప్పతనం. జిజాకి ఎవరూ పదాలివ్వలేదు, తనే ఇచ్చుకున్నాడు.

అక్క: బాగుంది. ఒక పాట.

తమ్ముడు: ఒక పాట కాదు, అక్కడికే వస్తున్నాను. 1999లో ‘బినీత్ ద సర్ఫేస్’లో ‘పబ్లిసిటీ’ అని పాట. ఈసారి పత్రికల పేర్లు. 2002లో ‘ఫేమ్’. అందులో ప్రముఖుల పేర్లు. 2005లో డీజే మగ్స్‌తో కలిసి వేసిన ‘గ్రాండ్‌మాస్టర్స్’లో ‘క్వీన్స్ గాంబిట్’. పేరు చదరంగానిది, లోపల అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల పేర్లు, పైకి మాత్రం ఒక అమ్మాయి కథ. పదేళ్లు, నాలుగు ఆల్బమ్‌లు, నలుగురైదుగురు సంగీతకర్తలు, రెండు మూడు కంపెనీలు. మారనిది ఒక్క కలం. రిజా లేనిచోట కూడా అదే పని కొనసాగిందంటే అది ఎవరి సొత్తు?

అక్క: సొత్తు ఆయనదే. మరి విన్నదెవరు? ‘లిక్విడ్ సోర్డ్స్’ పేరెత్తితే తల ఊపేవాళ్లలో ఎంతమందికి ‘పబ్లిసిటీ’ తెలుసు? ‘బినీత్ ద సర్ఫేస్’ సంగీతం ఎక్కువ భాగం రిజా శిష్యులూ ఇతరులూ కట్టారు. రాత తగ్గలేదని నువ్వే అంటున్నావు, నేనూ అంటాను. కానీ గుండెల మీద ఆ చలి పడదు. నేను చెప్పేది కూడా అదే కదా, రాత అలాగే ఉండి పాట తగ్గిందంటే తగ్గినదేదో రాత కానిది.

తమ్ముడు: ‘గ్రాండ్‌మాస్టర్స్’ విను, తగ్గిందో లేదో.

అక్క: విన్నాను. మంచి ఆల్బమే. సైప్రెస్ హిల్ మగ్స్ చెయ్యి ఎక్కడికీ పోదు. అయినా ఈ రెంటినీ ఒకే అరలో పెట్టమంటే నువ్వు కూడా పెట్టవు. (తమ్ముడు మాట్లాడలేదు.) ఆ చలి అంటున్నది ఎలా పుట్టిందో చెప్తాను విను. పేరు పాట ‘లిక్విడ్ సోర్డ్స్’ కిందున్న లూప్ విల్లీ మిచెల్‌ది, మెంఫిస్ హై రికార్డ్స్ పెద్దాయన. ‘షాడోబాక్సిన్’ కిందున్నది యాన్ పీబుల్స్ పాట ముక్క, అదీ హై రికార్డ్సే, దాన్ని రికార్డు చేసిందీ మిచెల్ మనుషులే. దక్షిణాది వెచ్చటి సోల్ సంగీతం అది. చర్చి పక్కన పెరిగిన గొంతులు, నిదానంగా కొట్టే డ్రమ్ము. అంత వెచ్చటి పదార్థాన్ని తెచ్చి రిజా చల్లారబెట్టాడు. చిన్న ముక్క కోసి, ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోనివ్వకుండా మళ్లీ మొదటికి తిప్పాడు. మనిషి గొంతు మనిషిది కాకుండా, గోడ అవతలి నుంచి వస్తున్నట్టు అయిపోయింది. వెచ్చదనం ఉండాల్సిన చోట లేదు కాబట్టే చలి తెలుస్తుంది. సింథసైజర్ మీద ఎన్ని దయ్యపు స్వరాలు నొక్కినా అది రాదు. నేను ఇరవై ట్రాకులు పరిచి కూడా తెప్పించలేని పని అది.

తమ్ముడు: ఆ చలిలో నిలబడి మాట్లాడగలిగినవాడు కావాలి కదా! అదే లూప్ మీద డర్టీని నిలబెట్టు.

అక్క: నిలబెట్టాడుగా! ‘డ్యూయల్ ఆఫ్ ద ఐరన్ మైక్’లో.

తమ్ముడు: పల్లవికి మాత్రమే! నువ్వే నా చేతికి ఆయుధం ఇచ్చావు. డర్టీ అంటే ఎవరు? తన ఆల్బమ్‌లో పాడతాడో ఏడుస్తాడో పోట్లాడతాడో తనకే తెలియనివాడు. జిజా ఇంటికి వచ్చేసరికి పల్లవి చెప్పి పక్కకి తప్పుకున్నాడు. అదే పాటలో గ్రూపులోని ఇన్‌స్పెక్టా డెక్ అదుపులో పెట్టుకుని చెప్తాడు. మాస్టా కిల్లా ఎలాగూ గొంతు పెంచడు. ‘ఫోర్త్ చాంబర్’లో గోస్ట్‌ఫేస్ ముందొస్తాడు, తర్వాత కిల్లా ప్రీస్ట్, తర్వాత రిజా, చివర్లో జిజా. ‘ప్రొటెక్ట్ యా నెక్’లో కూడా చివరి మాట ఆయనదే. పెద్దవాడు ఆఖర్న మాట్లాడతాడని వీళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. గ్రూపు మొదటి ఆల్బమ్‌లోనే తమని తాము పరిచయం చేసుకునే మాటల్లో, అందరం కలిసి కార్టూన్‌లో వోల్ట్రాన్ అనే మరమనిషిగా మారితే తల జిజా అని చెప్పుకున్నారు.

(నేను తమ్ముడి వైపు జరిగింది ఇక్కడే. ‘ఎంటర్ ది వూ-టాంగ్’ ఒక మైకు కోసం పడిన పెనుగులాట. ఒక్కడికి నాలుగు పాదాలు దొరికితే ఆ నాలుగింట్లోనే తానెవరో తేల్చుకోవాలి, అందుకే అందరూ గొంతు చించుకుంటారు. ఆ ఆల్బమ్ అందం కూడా ఆ తొక్కిసలాటలోనే ఉంది. ‘లిక్విడ్ సోర్డ్స్’లో వాళ్లే, ఆ మనుషులే, గొంతు దించి మాట్లాడతారు. పోటీ ఆగిపోయిందని కాదు, పోటీ కత్తి అంచు మీదికి వచ్చింది. ఒక ఆల్బమ్ ఎవరిదో తేల్చడానికి ఎవరి గొంతు ఎన్ని నిమిషాలు వినిపించిందని లెక్కపెట్టడం కంటే, మిగతావాళ్లు ఎవరికి తగ్గట్టు మాట్లాడారని చూడటం మేలనుకుంటాను. ఆ లెక్కన చూస్తే ఆ గ్రూపు ఒకరి మాట ఒకరు విన్నది గ్రూపు ఆల్బమ్‌లలో కాదు, ఈ సోలోలో.)

అక్క: అందరూ గొంతు దించారని ఎలా తెలిసింది నీకు? మిక్సులో వాళ్లని ఎక్కడ పెట్టారో చూసి తెలిసింది. గొంతు మీద ఎంత మసక వేశారు, డ్రమ్ము కంటే ముందుకి తెచ్చారా వెనక్కి నెట్టారా, అదంతా చూసి తెలిసింది. నేను రోజూ చేసే పని అదే. హీరో గుసగుస వెనక ఉన్న వెయ్యిమంది కేకలకంటే ముందు వినిపించాలంటే, హీరో గొప్పతనం సరిపోదు, నా వేలు కదలాలి.

తమ్ముడు: ‘షాడోబాక్సిన్’లో వేలు ఎవరిది? మెథడ్ మ్యాన్‌కి రెండు చరణాలు, జిజాకి ఒక్కటి. తన ఆల్బమ్‌లో, తన పాటలో, పక్కవాడికి రెట్టింపు చోటు. రిజా ఆపలేడా? రిజా ఆపినా ఆపకపోయినా, ఒప్పుకోవాల్సింది జిజా. అప్పటికి మెథడ్ మ్యాన్ గ్రూపులోకెల్లా పెద్ద స్టార్. అలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని, వాడికే ఎక్కువ చోటిచ్చి, మధ్యలో ఒక్క చరణం చెప్పి బయటపడ్డాడంటే ఎంత ధీమా ఉండాలి. తక్కువ మాట్లాడటం ఆయన పద్ధతి. పాదాలు పెరిగేకొద్దీ ఆయన భయపడతాడు, నేను రాసేటప్పుడు పెరిగితే సంతోషపడతాను. తేడా అక్కడుంది.

అక్క: అది నిజమే. నీ పాటల్లో రెండో చరణం తీసేస్తే ఎవరికీ తెలియదు.

తమ్ముడు: థాంక్స్.

అక్క: ఊరికే అన్నాన్లే. ఇంకో సంగతి చెప్పు. ఆల్బమ్ మొదలవగానే ఎవరి గొంతు వినిపిస్తుంది?

తమ్ముడు: పిల్లవాడిది. సినిమాలోంచి.

అక్క: ఏ సినిమా? ‘షోగన్ అసాసిన్’. అసలు జపాన్‌లో 1972లో వచ్చిన ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’ సినిమాలు. వాటిలో మొదటి రెండింటినీ తెచ్చి, కత్తిరించి, ఒకటిగా కుట్టి, ఇంగ్లీషులో డబ్బింగ్ చెప్పించి, పిల్లవాడి చేత కథ చెప్పించి 1980లో అమెరికాలో విడుదల చేశారు. అంటే అసలే కత్తిరించి అతికించిన బొమ్మ. దాన్ని రిజా మళ్లీ కత్తిరించి పాటలకి అతికించాడు. డబ్బింగ్ థియేటర్లో బతుకుతున్నదాన్ని, నాకు ఒళ్లు పులకరిస్తుంది. అరువు గొంతు, అరువు బొమ్మ, అరువు సంగీతం. వాటితో కట్టినది మాత్రం ఎవరి దగ్గరా లేనిది. దాన్ని కట్టినవాణ్ణి వదిలేసి, అద్దెకి దిగినవాడి పేరు చెప్పమంటావు.

తమ్ముడు: ఆ పిల్లవాడు చెప్పే కథ ఏమిటో కూడా చెప్పు. మా నాన్న గొప్ప కత్తివీరుడు, షోగన్ దగ్గర తలలు నరికే పని చేసేవాడు. ఆ షోగనే అనుమానంతో మనుషుల్ని పంపాడు. అమ్మ చచ్చిపోయింది. అప్పట్నుంచి నాన్న బండి తోసుకుంటూ దేశాలు పట్టి తిరుగుతున్నాడు. ఇది ఎవరి కథ? కోల్డ్ చిల్లిన్ కొలువులో కత్తి పట్టి, కొలువు పోగొట్టుకుని, తన దారిన తాను నడుస్తున్న జిజా కథ. వేరే ఎవరి ఆల్బమ్ ముందు పెట్టినా అది సినిమా ముక్కలాగే ఉండేది. రేక్వాన్ ముందు పెట్టు, అతకదు. జిజా ముందు పెట్టగానే ఆత్మకథ అయిపోయింది.

అక్క: టామీ బాయ్ సాగనంపిన రిజా కథ కూడా అదే.

తమ్ముడు: ...

అక్క: ఏం, మాట్లాడవేం?

తమ్ముడు: ఆలోచిస్తున్నా. ఇద్దరి కథా ఒకటే అయితే, ఆ కథకి ముఖం ఎవరిచ్చారన్నది మిగులుతుంది. రిజా తన ఆల్బమ్ తనే వేసుకోవచ్చు. 1998లో వేసుకున్నాడు కూడా, బాబీ డిజిటల్ అని వేరే వేషం కట్టి. ఈ కథని మాత్రం అన్నకిచ్చాడు. పేరు పాట పల్లవి చూడు, అది వాళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు 1980లలో కలిసి చెప్పుకున్న పాత పాదాలే. వూ-టాంగ్ అన్న పేరు కూడా పుట్టకముందు సంగతి. చిన్నప్పుడు రిజాకి హిప్‌హాప్ రుచి చూపించింది జిజాయే. ముందు అన్న, తర్వాత తమ్ముడు, ఆ తర్వాతెప్పుడో గ్రూపు. పెద్దవాడికి చెల్లించాల్సింది చెల్లించాడు.

అక్క: అంటే గురుదక్షిణ అంటావు. దక్షిణ ఇచ్చినవాణ్ణి పక్కన పెట్టి పుచ్చుకున్నవాడికి దండ వెయ్యమంటావు.

తమ్ముడు: ఇద్దరికీ వెయ్యి. ఆల్బమ్ మాత్రం ఆయనది.

అక్క: రిజా బేస్‌మెంట్‌లోకి ఓసారి నీళ్లొచ్చాయి, గుర్తుందా? కట్టిపెట్టుకున్న బీట్లు బోలెడు పోయాయి. ఇన్‌స్పెక్టా డెక్‌కని ఉంచినవి అందులో ఉన్నాయి. ఆయన ఆల్బమ్ 1999 దాకా రాలేదు. వచ్చేసరికి ఊరు సద్దుమణిగింది. ఆ గ్రూపులో కలం పదును చూస్తే డెక్ ఎవరికీ తీసిపోడు, నువ్వే వందసార్లు అన్నావు. మరి ఆయనకి ‘లిక్విడ్ సోర్డ్స్’ లాంటిది ఎందుకు లేదు? నీళ్లు ఆయన బీట్ల మీదికి వచ్చాయి కాబట్టి. కలం తడవలేదు కదా!

(దీనికి తమ్ముడి దగ్గర సరైన జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఎవరి ఆల్బమ్ కాలం మీద నిలుస్తుందన్నదాంట్లో ఒక ఇంటి నీటిపైపుల పాత్ర కూడా ఉంటుందని ఒప్పుకోవడం రచయితలకి కష్టం.)

తమ్ముడు: డెక్ విషయంలో నువ్వన్నది ఖండించను. కానీ నిలవడం గురించి మాట్లాడు. 1996 జనవరికే ఐదు లక్షలు దాటి గోల్డ్ అయింది. దాన్ని గ్రూపు గుర్తు అమ్మిందనుకో, సరే. ప్లాటినం అయింది మాత్రం 2015లో, ఇరవై ఏళ్లకి. ఆ ఇరవై ఏళ్లూ ఒక్కొక్కటిగా కొన్నవాళ్లు గుర్తు చూసి కొన్నారా? 2007 తీసుకో. ఆ వేసవిలో షికాగోలో పిచ్‌ఫోర్క్ పండుగ వాళ్లు పాత ఆల్బమ్‌లని మొదటి నుంచి చివరిదాకా వాయించమని ముగ్గుర్ని పిలిచారు. స్లింట్, సోనిక్ యూత్, జిజా. రాక్ బృందాల మధ్య ఒక్క ర్యాపర్, పన్నెండేళ్ల నాటి ఆల్బమ్‌తో. అదే ఏడాది డిసెంబర్‌లో గ్రూపు ‘ఎయిట్ డయాగ్రమ్స్’ వేసింది. రిజా సంగీతం మాకు నచ్చలేదని రేక్వాన్, గోస్ట్‌ఫేస్ బాహాటంగా తిట్టారు. ఐదేళ్ల మాట గడువు తీరిపోయాక ఒరలోంచి కత్తులు బయటికొచ్చాయి. అప్పుడు గ్రూపు పరువు నిలబెట్టినవి ఈ పాత సోలోలే.

అక్క: గ్రూపు పరువు అన్నావు చూడు. జిజా పరువు అనలేదు.

తమ్ముడు: నోరు జారింది.

అక్క: జారలేదు, నిజం బయటపడింది. సరే, ఆఖరి పాట సంగతి తేల్చు. పదమూడోది, ‘బైబిల్’. సంగీతం రిజాది కాదు, ఫోర్త్ డిసైపుల్‌ది. కాబట్టి దీన్ని నా లెక్కలో వేసుకోను. అందులో జిజా గొంతూ లేదు. ఒక్క అక్షరం లేదు. మొత్తం కిల్లా ప్రీస్టే, ఆయన ఆ తొమ్మిది మందిలో కూడా లేడు. సొంత ఆల్బమ్ తలుపు వేసే పని బయటివాడి చేతికిచ్చి పోయిన మనిషిది ఆ ఇల్లని ఎలా అంటావు?

తమ్ముడు: తనదని గట్టిగా తెలిసినవాడే తాళం ఇంకొకడి చేతికిస్తాడు. లేనివాడు గుమ్మంలోనే కూర్చుంటాడు.

అక్క: అబ్బో. మరి నువ్వు ఆల్బమ్ వేస్తున్నావు కదా, రాత నీది, గొంతు నీది, మిక్సింగ్ నాది. ఆఖరి పాట నాకు వదిలెయ్. నువ్వు ఒక్క ముక్క పలకకూడదు.

తమ్ముడు: వదలను.